నోటి రోజా పదమూడు గంటలు, నెత్తురు రోజా ఎన్ని గంటలు?

షాబాన్ నెల సగం దాటిందో లేదో మన వాట్సప్ గ్రూపుల్లో ఒక జపాన్ పెద్దమనిషి ఫోటో తిరగడం మొదలవుతుంది. కింద నాలుగు లైన్లు. 'ఈ సైంటిస్టుకి నోబెల్ బహుమతి వచ్చింది. రోజా ఉంటే కేన్సర్ రాదు, షుగర్ పోతుంది, గుండెకి ఢోకా లేదని ఈయనే నిరూపించాడు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే మనకి తెలిసిన మాట. మాషా అల్లా. పదిమందికి పంపండి, సవాబ్ దక్కుతుంది.' ముక్త్యాల నుంచి ఒకరు పంపుతారు, జగ్గయ్యపేట నుంచి ఇంకొకరు, నందిగామ నుంచి మరొకరు. అదే ఫోటో, అదే అబద్ధం.

ఆ పెద్దమనిషి పేరు యొషినోరి ఒసుమి. 2016లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది, అంతవరకూ నిజం. ఆయన పని చేసింది ఈస్ట్ మీద. రొట్టె పిండి పొంగడానికి కలుపుతామే, ఆ ఈస్ట్ మీద. దానికి పోషకాలు అందకుండా చేసి, కణం తనలోని చెత్తని తానే ఎలా కరిగించుకుంటుందో, ఆ పనిని నడిపే జన్యువులేవో కనిపెట్టాడు. గొప్ప ఇల్మ్ అది. కానీ రోజా ఉన్న మనిషిని ఆయన పరీక్షించలేదు. రమజాన్ గురించి ఏమీ నిరూపించలేదు. ఆయన చెప్పని మాటని ఆయన నోట్లో పెట్టి, సవాబ్ కోసం పదిమందికి పంపడం ఏ దీన్‌లో ఉంది?

నా కొట్లాట ఆ జపాన్ పెద్దమనిషితో కాదు, మనతోనే. రోజా అల్లా కోసం. దాని మఖ్సద్ తఖ్వా అని ఖురాన్‌లో సూరా బఖరా చెబుతోంది, బరువు తగ్గడం అని చెప్పడం లేదు. లేబరేటరీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప నిలబడని ఇబాదత్ కాదది. ఒకవేళ సైన్సుని పిలవాలనే ఉంటే సగం పిలవకండి. పూర్తిగా పిలవండి. పూర్తిగా పిలిస్తే అది అడిగే మొదటి సవాలు ఇదీ: 'పొద్దుటి నుంచి మగ్రిబ్ దాకా తినలేదు సరే జనాబ్, మగ్రిబ్ నుంచి ఫజర్ దాకా ఏం తిన్నారు?'

దీనికి మన దగ్గర జవాబు లేదు. ఉన్నది మూకుడు నిండా కాగే నూనె.

ఉర్దూ మీడియం బడిలో నేను సైన్స్ చదివినప్పుడు అది 'చర్బీ'. డిగ్రీ తెలుగులో చదివినప్పుడు 'కొవ్వు'. దవాఖానాలో ఇచ్చే కాగితం మీద 'ట్రైగ్లిజరైడ్స్'. ఈ మూడూ ఒకటేనని మన ఇళ్ళల్లో విడమరిచి చెప్పే నాథుడు లేడు. డాక్టర్‌కి టైముండదు, మౌలానాకి అది తన పని అనిపించదు, పత్రికల వాళ్ళం మేం రమజాన్ వస్తే హలీం ఫోటోలు వేసి చేతులు దులుపుకుంటాం. కాబట్టి ఇవాళ కొంచెం విడమరిచే రాస్తాను. ఓపిగ్గా చదవండి.

మనం తిన్న నూనె, నెయ్యి, మాంసంలోని చర్బీ పేగుల్లో అరిగి చిన్న చిన్న బొట్లుగా మూటగట్టుకుని నెత్తురులోకి వస్తాయి. ఆ మూటలని కైలోమైక్రాన్లు అంటారు. చర్బీ బాగా ఉన్న భోజనం చేసిన మూడు నాలుగు గంటలకి నెత్తురు తీసి చూస్తే, పైన తేరుకునే నీరు పాలు కలిపినట్టు మసగ్గా ఉంటుంది. అదంతా దిగిపోయి నెత్తురు మళ్ళీ తేటపడటానికి మొత్తం ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఒళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మాట ఇది. షుగర్ ఉన్నవాళ్ళకి, పొట్ట పెరిగినవాళ్ళకి ఇంకా ఎక్కువసేపు.

ఎందుకు ఎక్కువసేపు? మన చిల్లకల్లు టోల్ గేటునే తీసుకోండి. మామూలు రోజు బళ్ళు ఒక్కొక్కటిగా దాటిపోతాయి. సంక్రాంతి ముందురోజు హైదరాబాద్ నుంచి వచ్చే కార్లన్నీ ఒకేసారి మీద పడితే ఏమవుతుంది? గేట్లు అవే, క్యూ పెరుగుతుంది. నెత్తురులో కూడా ఇలాంటి గేటు ఒకటి ఉంది. లైపోప్రొటీన్ లైపేజ్ అని దాని పేరు. చర్బీ మూటలని విప్పి, కండకీ కొవ్వు కణాలకీ దించుకునే ఎంజైమ్ అది. కైలోమైక్రాన్లు ఆ గేటు దగ్గరకే రావాలి. కాలేయం తయారుచేసి పంపే వేరే చర్బీ మూటలూ ఆ గేటు దగ్గరకే రావాలి. ఇన్సులిన్ సరిగా పని చేయని ఒంట్లో కాలేయం మూటలు ఎక్కువ పంపుతుంది, గేటు మందకొడిగా నడుస్తుంది. క్యూ కదలదు. సగం విప్పిన మూటలు నెత్తురులో తిరుగుతూ తిరుగుతూ రక్తనాళాల గోడల్లోకి దూరి అక్కడ పేరుకుంటాయి. గుండె నాళాలు పూడిపోవడం భోజనం తర్వాతి గంటల్లో జరిగే పని అని డొనాల్డ్ జిల్వర్‌స్మిట్ అనే శాస్త్రవేత్త 1979లోనే రాశాడు. పరగడుపున తీసిన నెత్తురు కంటే తిన్న తర్వాత తీసిన నెత్తురులోని ట్రైగ్లిజరైడ్లే గుండె ప్రమాదాన్ని బాగా పట్టిస్తున్నాయని 2007లో అమెరికాలో ఒకటి, డెన్మార్క్‌లో ఒకటి పెద్ద అధ్యయనాలు వచ్చాయి.

ఇప్పుడు మన దస్తర్ఖాన్ ముందుకి రండి. హిసాబ్ వేద్దాం.

రమజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలో వస్తోంది. మన వైపు ఇఫ్తార్ సాయంత్రం ఆరున్నర లోపు, సహెరి ఆఖరు తెల్లవారుజామున అయిదు అటూ ఇటూ. ఇఫ్తార్‌లో ఖర్జూరం పేరుకి ఒకటి. తర్వాత సమోసా, మిర్చి బజ్జి, పకోడీ, చికెన్ ముక్కలు, రంగు షర్బత్. మగ్రిబ్ నమాజ్ కాగానే హలీమో, బిర్యానీయో. తరావీ నుంచి వచ్చాక ఇంకొంచెం. ఆ చర్బీ నెత్తురులో నిండుగా ఉండే వేళకి మనం పడుకుని ఉంటాం. అది దిగీ దిగకముందే నాలుగున్నరకి సహెరి: పరాటా, ఖీమా, పైన నెయ్యి. ఇక్కడ ఇంకో సంగతి. రాత్రి తిన్న చర్బీలో కొంత పేగు గోడల్లోనే ఆగి ఉంటుంది. మళ్ళీ తినడం మొదలుపెట్టగానే ఆ పాత సరుకు ముందు నెత్తురులోకి దూకుతుంది. అంటే సహెరి తొలి ముద్దలతో నెత్తురులోకి వచ్చే చర్బీలో కొంత రాత్రి ఇఫ్తార్‌దే.

సహెరి నాలుగున్నరకి. దానికి ఎనిమిది గంటలు కలపండి. మధ్యాహ్నం పన్నెండున్నర. అంటే నీయత్ చేసుకుని నోరు మూసిన తర్వాత కూడా జొహర్ వేళ దాకా నెత్తురు తింటూనే ఉంది. అది నిజంగా ఖాళీగా ఉండేది పన్నెండున్నర నుంచి ఆరున్నర దాకా. నోటి రోజా పదమూడు గంటలు, నెత్తురు రోజా ఆరు గంటలు.

మామూలు రోజుల్లో ఇంకా ఘోరం కదా అనొచ్చు మీరు. నిజమే. పొద్దున ఎనిమిదికి నాస్తా, ఒంటి గంటకి భోజనం, రాత్రి తొమ్మిదికి మళ్ళీ భోజనం తినేవాడి నెత్తురు తేటగా ఉండేది నాస్తాకి ముందు ఏ రెండు మూడు గంటలో. రమజాన్ ఆ రెండు మూడు గంటలని ఆరు చేసింది. ఇఫ్తార్, సహెరి తేలిగ్గా ఉంటే ఇంకా చాలా పెంచేది. రోజా ఇచ్చే ఇనామ్ ఉంది. దాన్ని మూకుట్లో వేసి వేయిస్తున్నది మనం.

'టైం చూసుకుని తింటే చాలు, ఏం తిన్నా పర్లేదు' అని ఇప్పుడు కొత్త ఫ్యాషన్. ఎనిమిది గంటల్లో తినడం, పదహారు గంటలు మానడం. 'ఇదే కదా మన రోజా' అని మనవాళ్ళకి ఫఖర్. దీని మీద పని చేసినవాళ్ళలో ప్రముఖుడు మన పక్క ఒడిశాలో పుట్టిన సచ్చిదానంద పాండా, అమెరికాలో సాక్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త. 2012లో ఆయన బృందం ఎలుకలకి కొవ్వు మేత పెట్టింది. రోజంతా తిన్న ఎలుకలు లావెక్కి జబ్బుపడ్డాయి, అంతే మేతని ఎనిమిది గంటల్లో తిన్నవి బాగున్నాయి. మనవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. ఆ ఎనిమిది గంటలు ఎప్పుడు? రాత్రి పూట. ఎలుక మెలకువగా తిరిగేది రాత్రే కాబట్టి. దాని ఒంటి గడియారానికి రాత్రే పగలు. మనిషిది తిరగేసి ఉంటుంది.

మనుషుల మీద 2018లో బర్మింగ్‌హామ్ నగరంలో, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, షుగర్ అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్ళతో ఒక చిన్న ప్రయోగం చేశారు. రోజు తిండంతా ఆరు గంటల్లో, ఆఖరి భోజనం మధ్యాహ్నం మూడు లోపు. అయిదు వారాల్లో బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ బాగా పని చేసింది, బీపీ తగ్గింది. అదే ప్రయోగంలో పరగడుపు ట్రైగ్లిజరైడ్లు మాత్రం పెరిగాయి. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయుల మీద ఏడాది పాటు చూశారు. అందరికీ తిండి తగ్గించి, సగం మందికి అదనంగా టైం కట్టడి పెట్టారు. టైం కట్టడి వల్ల అదనంగా ఒరిగింది పెద్దగా ఏమీ లేదు. రమజాన్ మీద చేసిన అధ్యయనాలూ అంతే. కొన్నిట్లో ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, కొన్నిట్లో పెరిగాయి. తిన్నదాన్ని బట్టి. గడియారం ఒక్కటే ఎవరినీ కాపాడలేదు.

తెలుగు నేల మీద ఈ చర్చ కొత్తది కాదు. మంతెన సత్యనారాయణ రాజు గారు నూనె, ఉప్పు వద్దంటారు. వీరమాచనేని రామకృష్ణ గారు కొబ్బరి నూనె రోజూ గ్రాముల లెక్కన తాగమన్నారు. ఇద్దరికీ వేలమంది, మన ఇళ్ళల్లో కూడా. నేను ఏ పక్షం పుచ్చుకోవడం లేదు. ఒక్కటి గమనించండి: ఆ ఇద్దరి దగ్గరా నూనెకి లెక్క ఉంది, మన ఇఫ్తార్‌లో నూనెకి లెక్క లేదు.

ఇప్పుడు మన మెట్ట సంగతి. ఇక్కడ రోజా ఉండేది ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళు కాదు. మార్చి ఎండలో మిరప కోతకి వెళ్ళే ఆడకూతుళ్ళు ఉన్నారు. సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళున్నారు, హైవే మీద లారీలు తోలేవాళ్ళున్నారు. నైట్ షిఫ్టు మనిషికి రమజాన్ కాకపోయినా తిండి రాత్రే. రాత్రి తిన్న చర్బీ పగలు తిన్నదాని కంటే ఎక్కువసేపు నెత్తురులో ఉండిపోతుందని షిఫ్టు పనుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఇక్కడ గుండె పట్టేస్తే పెద్ద దవాఖానా కోసం విజయవాడ పోవాలి, ముక్త్యాల నుంచి డెబ్బై కిలోమీటర్ల పైమాట. ఆ దారిలో పోయే ప్రతి నిమిషం గుండె కండని తింటుంది.

దేశం లెక్క చూడండి. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే 2023లో వచ్చింది. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్. పెద్దవాళ్ళలో నూటికి 32 మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ. అవి మరీ పెరిగిపోయి వెయ్యి దాటితే గుండె వరకూ ఆగదు, క్లోమం వాచి ప్రాణం మీదకి వస్తుంది. మన ఇళ్ళు ఆ లెక్కకి బయట ఉన్నాయా? నలభై దాటిన మగవాళ్ళున్న ఏ ఇంటి అల్మారీ తెరిచినా షుగర్ గోళీల డబ్బా కనబడుతుంది.

'మా దాదా, నానా ఇలాగే తిన్నారు, తొంభై ఏళ్ళు బతికారు' అంటారు. తిన్నది ఇది కాదు భాయ్. వాళ్ళ ఇంటికి నూనె సీసాలో వచ్చేది, అయిదు లీటర్ల క్యాన్‌లో కాదు. గోష్త్ వారానికోసారి వస్తే పండగ. పొద్దస్తమానం నాగలి పట్టి, మూటలు మోసి, మైళ్ళు నడిచారు. నడిచిన ఒంట్లో ఆ టోల్ గేటు చురుగ్గా ఉంటుంది. ముందురోజు చేసిన నడక కూడా మర్నాటి భోజనం చర్బీని తగ్గిస్తుందని పరిశోధనలున్నాయి. ఇవాళ మనం మసీదుకి కూడా బైకు మీద పోతున్నాం.

'బీదవాడికి ఏడాదికో నెల రుచి. దాన్నీ లాక్కుంటావా?' అని అడిగేవాళ్ళున్నారు. ఈ సవాలుకి నేను తల వంచుతాను. రోజంతా ఎండలో కోత కోసి వచ్చిన అమ్మకి వేడి బజ్జి ఒకటి తినొద్దని చెప్పే నోరు నాకు లేదు. నా గొంతు లేచేది ఆమె మీద కాదు. ఇఫ్తార్ దావత్ పేరుతో టెంటు వేసి, ఫ్లెక్సీ కట్టి, టోపీ పెట్టుకున్న నాయకుడి పక్కన ఫోటో దిగి, పళ్ళేల్లో సగం వదిలేసే మన పెద్దమనుషుల మీద. మాడిన నూనెలోనే రోజూ వేయించి రోజాదారులకి అమ్మే బళ్ళ మీద. కడుపుని మూడు భాగాలు చేసి ఒక్క భాగమే తిండికి ఇమ్మన్న హదీస్ అందరికీ కంఠస్థం, అమలు ఎవరికీ లేదు. ఇస్రాఫ్ గునా అని ఏడాదంతా చెప్పే నోళ్ళు, ఆ నెలలో మాత్రం బిర్యానీ నమలడంలో మునిగి ఉంటాయి.

ఇంకో మాట, మగవాళ్ళకి రుచించని మాట. ఈ వేపుళ్ళు ఎవరు చేస్తున్నారు? అసర్ అజా అవగానే పొయ్యి ముందు నిలబడేది ఎవరు? తానూ రోజాతోనే ఉండి, గొంతెండిపోతూ, నూనె సెగ మొహాన కొట్టించుకుంటూ? తెల్లవారుజామున మూడింటికి లేచేది ఎవరు? అమ్మీ, బేగమ్, బహూ. వాళ్ళ తిలావత్ టైమంతా పకోడీల్లో పోతోంది. వేపుళ్ళు తగ్గిస్తే బాగుపడేది మగవాడి నాళాలు మాత్రమే కాదు, ఆడవాళ్ళ ఇబాదత్ కూడా.

రమజాన్ ఇంకా దూరముంటే ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. లిపిడ్ పరీక్ష పరగడుపునే చేయించాలనే రూలు అన్నివేళలా అక్కర్లేదని 2016లో యూరప్ వైద్య సంఘాలు తేల్చాయి. పరగడుపున 150, తిన్న తర్వాత 175 దాటితే ట్రైగ్లిజరైడ్లు ఎక్కువన్నట్టే. పరగడుపు రిపోర్టు నార్మల్ వచ్చిందని నెయ్యి డబ్బా తెరవకండి. తిన్న తర్వాత సంగతేంటని డాక్టర్‌ని అడగండి. షుగర్ ఉన్నవాళ్ళు షాబాన్‌లోనే డాక్టర్ దగ్గరకి పోయి, గోళీలు, ఇన్సులిన్ టైములు మార్పించుకోవాలి. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు, ఈ మాట రమజాన్ డయాబెటిస్ గైడ్‌లైన్స్‌లోనే ఉంది. షుగర్ పడిపోయి కళ్ళు తిరిగితే రోజా విడవాలి. బీమారికి రుఖ్సత్ ఇచ్చింది ఖురానే. అల్లా ఇచ్చిన రుఖ్సత్‌ని వద్దని మొండికేయడం తఖ్వా కాదు. 13 దేశాల్లో 12,243 మంది మీద చేసిన అధ్యయనంలో, రమజాన్‌లో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం టైప్ టూ వాళ్ళలో ఏడు రెట్లకి పైగా పెరిగింది. ఆ లెక్కలో ఉన్నవాళ్ళంతా మన తోటి ముస్లిములే.

ఇఫ్తార్ ఎలా చేయాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఖర్జూరం, నీళ్ళు, మగ్రిబ్ నమాజ్. సున్నత్ అదే. మసీదులో గంజి పోసే ఊళ్ళున్నాయి, ఆ గంజి చాలు కడుపు తడపడానికి. నమాజ్ తర్వాత భోజనం ఒక్కసారే: పప్పు, కూర, అన్నమో జొన్న రొట్టో, గోష్త్ ఉంటే పులుసులా. హలీం తినాలనిపిస్తే ఆ రోజు భోజనం అదే, భోజనం పైన అది కాదు. రంగు షర్బత్ మానండి, చక్కెర కూడా కాలేయంలో చర్బీగానే మారి అదే క్యూలో నిలబడుతుంది. తరావీకి నడిచి వెళ్ళి నడిచి రండి. సహెరిలో పరాటా బదులు రొట్టె, గుడ్డు, పెరుగు. వేపుడు జుమాకి ఒక్కసారి. షీర్ ఖుర్మా ఈద్‌కి.

మసీదు కమిటీలని ఒకటి అడుగుతున్నాను. షాబాన్‌లో ఒక జుమా నాడు ఖుత్బా అయ్యాక పది నిమిషాలు మన ఊరి డాక్టర్‌కి మైకు ఇవ్వండి. తెలుగులో చెప్పమనండి, అందరికీ అర్థమయ్యేలా. ఇఫ్తార్ చందాలో కొంత తీసి షుగర్, లిపిడ్ పరీక్షల క్యాంపు పెట్టండి. మిర్చి కోతకి పోయే ఆడవాళ్ళకి సాయంత్రం కుదిరేలా పెట్టండి. తిన్నాక చేసినా పరీక్ష చెల్లుతుందని పైన చెప్పాను కదా.

ఒళ్ళు మనది కాదు, అల్లా ఇచ్చిన అమానత్. ఆ రోజున హిసాబ్ అడిగేది ఎన్ని రోజాలు ఉన్నావని మాత్రమే కాదు, ఇచ్చిన ఒంటిని ఏం చేశావని కూడా. అప్పుడు చూపించడానికి జపాన్ పెద్దమనిషి ఫోటో పనికిరాదు. ఈసారి ఆ ఫార్వర్డ్ వస్తే డిలీట్ చేయండి. పంపినవారికి ఒక్క లైను రాయండి: 'భాయ్, మీ లిపిడ్ పరీక్ష చేయించారా?'